అనంతపురం ఇంటి తోటలో గ్లాడియోలస్: దుంప నిలిస్తేనే మళ్ళీ పువ్వు



ఈ పాఠం గ్లాడియోలస్ గురించి. పెళ్ళి స్టేజీల మీద, బొకేల్లో నిలువుగా పొడుగ్గా ఉండి, కింది నుంచి పైకి ఒక్కో పువ్వు విచ్చుకుంటూ పోతుంది చూడండి, అదే. నర్సరీ నుంచి దుంపలు తెచ్చి పెడితే మొదటి ఏడాది దాదాపు అందరికీ పూస్తుంది. చిక్కంతా రెండో ఏడాదే. "పోయినేడు ఎంత బాగా పూసిందో, ఈ ఏడు వట్టి ఆకులే" అనేవాళ్ళు కొందరు. "దుంపలు తీసి పెట్టినాం, మే నెలకే పిప్పి అయిపోయినాయి" అనేవాళ్ళు ఇంకొందరు. మళ్ళీ డబ్బు పెట్టి దుంపలు కొనాల్సిందే. శెనక్కాయ విత్తనం కోసం ఏటా క్యూలో నిలబడే జిల్లా మనది. పెరట్లో పువ్వుకు కూడా అదే బాధ ఎందుకు? అందుకే ఈ పాఠంలో నాటడం గురించి కొంచెం, నీళ్ళ గురించి, దుంపను వేసవి దాటించడం గురించి ఎక్కువ చెప్పుకుందాం.

దుంపలో జరిగేది ఇదీ

గ్లాడియోలస్ జాతుల్లో ఎక్కువ భాగం దక్షిణాఫ్రికావి. వాన ఉన్నన్నాళ్ళు పెరిగి, ఎండు కాలం రాగానే ఆకులు ఎండిపోయి, నేలలో దుంపగా నిద్రపోవడం దాని అలవాటు. లాటిన్‌లో గ్లాడియస్ అంటే కత్తి. ఆకు కత్తిలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మన నేలకు, ఎండు కాలాన్ని నిద్రలో దాటేసే మొక్క నప్పకపోవడమంటూ ఉండదు. దాని నిద్ర వేళ మనం తెలుసుకుంటే చాలు.

వీడియోలో ఒక మొక్కను దుంపతో సహా తవ్వి చూపించాం కదా, అందులో రెండు దుంపలు ఒకదాని మీద ఒకటి కనబడతాయి. అడుగున ముడుచుకుపోయి, చేతితో తుంచితే ఊడొచ్చేది మనం నాటిన దుంప. దాని పని అయిపోయింది. ఎంత బాగా చూసుకున్నా అది మళ్ళీ మొలవదు. దాని నెత్తిన, కాండం మొదట్లో గట్టిగా ఉన్నది ఈ ఏడు కట్టిన కొత్త దుంప. రెండింటి నడుమ చుట్టూ శెనగ గింజలంత పిల్ల దుంపలు ఉంటాయి.

కొత్త దుంప ముఖ్యంగా ఊరేది పువ్వు అయిపోయాకే, ఆ తర్వాతి 6 నుంచి 8 వారాల్లో. దాన్ని ఊరబెట్టేది ఆకులు. పువ్వు కోసుకున్నాం, ఇక పనైపోయిందని నీళ్ళు మానేస్తే దుంప ఊరదు. కాడతో పాటు ఆకులన్నీ కోసేసినా అంతే. మరుసటి ఏడాది వట్టి ఆకులే రావడానికి చాలా ఇళ్ళల్లో కారణం ఇదే.

ఎప్పుడు నాటాలి

మన వైపు సెప్టెంబరు రెండో సగం నుంచి అక్టోబరు ఆఖరు దాకా మంచి అదను. అప్పటికి ఎండ తీవ్రత తగ్గుతుంది, వానలు మిగిలి ఉంటాయి, పూత చలికాలంలో వస్తుంది. రకాన్ని బట్టి నాటిన 60 నుంచి 90 రోజులకు పూస్తుంది. సంక్రాంతికి ఇంట్లో పువ్వు కావాలంటే అక్టోబరు మధ్యలో నాటుకోవాలి. ఉన్న దుంపలన్నీ ఒకే రోజు పెట్టకుండా 15 రోజుల ఎడంతో మూడు దఫాలుగా పెడితే నెల పైన పువ్వులు ఉంటాయి. జూన్, జూలైలో నాటొద్దు. గాలి మరల ఫ్యాన్లు రామగిరి కొండల మీద ఊరికే పెట్టలేదు. ఆ నెలల గాలికి లేత ఆకు చీలిపోతుంది, మడిలో తడి నిలవదు.

రకాల విషయానికొస్తే, మనకు 200 కిలోమీటర్ల పై చిలుకు దూరంలోనే బెంగళూరు దగ్గర హెసరఘట్టలో భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. మీరా, నజ్రానా, పూనమ్, సప్న, శోభ, ఆరతి, అప్సర, ధీరజ్ వంటి రకాలు అక్కడ తయారైనవే. వీటిలో ధీరజ్‌కు దుంపకుళ్ళును తట్టుకునే గుణం ఉంది. మందు కొట్టకుండా పెంచే మనలాంటి వాళ్ళకు రంగు కంటే ఆ గుణం ముందు చూసుకోవాలని నా అభిప్రాయం. రంగురంగుల పొట్లాల్లో పేరు లేకుండా అమ్మే దుంపలు కొంటే ఏ రకమో తెలియదు, ఎన్ని రోజులకు పూస్తుందో తెలియదు.

దుంప ఎంచుకునేటప్పుడు వెడల్పు కంటే మందం చూడండి. 4 నుంచి 5 సెంటీమీటర్ల అడ్డం ఉండి, పైకి ఉబ్బినట్టు గుండ్రంగా ఉన్నది మంచిది. పళ్ళెంలా వెడల్పుగా చదునుగా ఉన్నది వయసు అయిపోయిన దుంప. నాటే ముందు పైన ఉండే గోధుమ రంగు పొరను ఒలిచి చూడాలి. లోపల నల్లటి, గోధుమ రంగు గుంట మచ్చలు ఉంటే అది నాటకండి. ఒక్క చెడ్డ దుంప మడి మొత్తానికి కుళ్ళు అంటిస్తుంది.

మడి, బీజామృతం, నాటడం

ఎర్ర ఇసుక నేల దీనికి బాగా పడుతుంది, నీళ్ళు నిలవవు కాబట్టి. తాడిపత్రి వైపు లాంటి నల్లరేగడిలో అయితే మడిని జానెడు ఎత్తు లేపి, ఇసుక కలుపుకోవాలి. చదరపు మీటరుకు రెండు మూడు కిలోల ఘనజీవామృతం పొడి చల్లి మట్టిలో కలిపితే చాలు. పచ్చి పేడ, సగం మాగిన పేడ మాత్రం వద్దే వద్దు. శెనక్కాయ చేలల్లో వేరుపురుగు ఎంత పని చేస్తుందో మీకు తెలుసు. మాగని పేడ వేస్తే ఆ పురుగే వచ్చి దుంపను తొలిచేస్తుంది.

వేసవిలో మడి ఖాళీగా ఉంటుంది కదా, జూన్ తొలకరికి అందులో నవధాన్య విత్తనాలు చల్లేయండి. సెప్టెంబరులో పూతకు ముందే కోసి, ఆ ఆకే మడి మీద ఆచ్ఛాదనగా పరిస్తే నేల ఎండకు కాలదు, గ్లాడియోలస్‌కు మడి సిద్ధంగా ఉంటుంది.

ఇంటి మోతాదుకు బీజామృతం ఇలా కలుపుకోండి: 2 లీటర్ల నీళ్ళు, అరకిలో ఆవు పేడ, అర లీటరు మూత్రం, 5 గ్రాముల సున్నం, గట్టు మీది మట్టి చిటికెడు. రాత్రంతా ఉంచి పొద్దున దుంపల్ని 10, 15 నిమిషాలు ముంచి, నీడలో ఆరబెట్టి నాటాలి. దుంప నుంచి దుంపకు, సాలు నుంచి సాలుకు 20 సెంటీమీటర్లు. అలా చదరపు మీటరుకు 25 పడతాయి. లోతు నాలుగు వేళ్ళు, మొలక వచ్చే కన్ను పైకి. పైపైన నాటితే పువ్వు బరువుకు మొక్క పడిపోతుంది. కుండీ అయితే అడుగు లోతు ఉండాలి, 12 అంగుళాల కుండీలో నాలుగు దుంపలకు మించి పెట్టొద్దు.

ఆచ్ఛాదనకు మన దగ్గర బుడ్డల పొట్టుకు కొదవ లేదు. రెండంగుళాల మందం వేయండి, కానీ మొక్క మొదలుకు ఆనించకండి. ఎర్ర నేలలో చెదలు ఉంటాయి, పొట్టుతో పాటు కాండం మొదటికీ వస్తాయి. వేరుశనగ కట్టె మాత్రం పశువులకే ఉంచండి, దాన్ని పూల మడిలో పరచడం దండగ.

మూడో ఆకు దగ్గర నీళ్ళు తప్పకూడదు

నాటినప్పుడు ఒక మంచి తడి ఇస్తే మొలక బయటికి వచ్చేదాకా మళ్ళీ ఎక్కువ అవసరం ఉండదు. మట్టి తేమగా ఉంటే చాలు, తడి ఎక్కువైతే దుంప కుళ్ళుతుంది. వాఫస అని మనం చెప్పుకునేది ఇక్కడ బాగా వర్తిస్తుంది, గాలీ తేమా రెండూ ఉండాలి.

తర్వాత అసలు ఘట్టం. మూడో ఆకు వచ్చే వేళకు, అంటే సుమారు నెల రోజులకు, బయటికి ఏమీ కనపడకపోయినా లోపల పూలకాడ తయారవడం మొదలవుతుంది. ఆరేడు ఆకులు వచ్చేదాకా అది జరుగుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో మడి బెట్టకు వస్తే కాడ లోపలే ఎండిపోతుంది. మొక్క పచ్చగానే ఉంటుంది, మనం కాడ కోసం ఎదురు చూస్తూనే ఉంటాం, రాదు. కరెంటు లేదనో, ఊరికి పోయామనో వారం రోజులు నీళ్ళు ఆగితే నష్టం అప్పుడు తెలియదు, నెలన్నర తర్వాత తెలుస్తుంది.

ఆచ్ఛాదన ఉన్న చదరపు మీటరు మడికి చలికాలంలో మూడు నాలుగు రోజులకొకసారి 12 నుంచి 15 లీటర్లు సరిపోతాయి. కుండీలకు రోజు మార్చి రోజు చూడాలి. 15 రోజులకొకసారి ద్రవ జీవామృతం, ఒక మగ్గుకు తొమ్మిది మగ్గుల నీళ్ళు కలిపి మొదట్లో పోయాలి. 20 లీటర్ల జీవామృతానికి కిలో పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల నల్ల బెల్లం, 200 గ్రాముల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, రెండు రోజుల పులియబెట్టు. ఇది మీ అందరికీ తెలిసిందే.

బోరు నీళ్ళ ఫ్లోరైడ్

ఇది మన జిల్లాకు ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో చాలా ఊళ్ళ బోర్లలో ఫ్లోరైడ్ ఉందని అందరికీ తెలుసు. తాగే నీళ్ళకు పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అంతకు మించిన బోర్లు మన దగ్గర ఎన్నో. పూల మొక్కల్లో ఫ్లోరైడ్‌కు బాగా బెదిరేది ఈ గ్లాడియోలస్సే. ఎంతగా అంటే, ఫ్యాక్టరీల చుట్టుపక్కల గాలిలో ఫ్లోరైడ్ ఉందో లేదో పసిగట్టడానికి ఇతర దేశాల్లో స్నో ప్రిన్సెస్ అనే గ్లాడియోలస్ రకాన్ని నాటి చూసేవారు. ఆకు కొన నుంచి కిందికి గడ్డి రంగులోకి ఎండుతూ వస్తే ఫ్లోరైడ్ ఉన్నట్టు లెక్క.

కాబట్టి మీ మడిలో ఆకు కొనలు ఎండుతుంటే వెంటనే తెగులు అనుకోకండి. ఉప్పు నీళ్ళకూ కొనలు ఎండుతాయి, రెండిటికీ మూలం బోరే. కొన మాత్రమే ఎండి మిగతా ఆకు పచ్చగా ఉంటే పువ్వుకు పెద్ద ప్రమాదం లేదు. ఇంకో మాట. సూపర్ ఫాస్ఫేట్ ఎరువులో ఫ్లోరైడ్ ఉంటుంది. దుంప జాతి కదా, భాస్వరం కావాలి అని ఎవరైనా ఆ గుళికలు వేయమంటే, ప్రకృతి వ్యవసాయం పక్కన పెట్టినా సరే, గ్లాడియోలస్‌కు అది తగదు.

దీనికి మన చేతిలో ఉన్న ఉపాయం మిద్దె మీది వాన నీళ్ళే. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు మిద్దె మీద 20 మిల్లీమీటర్ల వాన కురిస్తే 180 లీటర్ల పైనే నీళ్ళు దిగుతాయి, ఒక డ్రమ్ము దాదాపు నిండుతుంది. సెప్టెంబరు, అక్టోబరు వానలకు రెండు డ్రమ్ములు మూత పెట్టి నిలవ చేసుకుంటే, మూడో ఆకు నుంచి కాడ వచ్చేదాకా బోరు నీళ్ళతో సగం సగం కలిపి పోయొచ్చు.

గాలి, పురుగు, కుళ్ళు

ఐదో ఆకు వచ్చేటప్పటికి మొదట్లో జానెడు మట్టి ఎగదోయాలి. మడికి ఉత్తరం వైపు ఒక సాలు జొన్నో సజ్జో ముందే వేసి ఉంచితే గాలిని ఆపుతుంది. చలికాలంలో పొద్దు దక్షిణం వైపు వంగి ఉంటుంది కాబట్టి మడికి నీడ పడదు. కాడ పైకొచ్చాక వెదురు పుల్ల పాతి రెండు చోట్ల వదులుగా కట్టండి.

తామర పురుగు మనకు కొత్త కాదు. 2000 సంవత్సరంలో జిల్లాలో శెనక్కాయను ముంచేసిన కాండం కుళ్ళు వైరస్ తెగులు తామర పురుగుల ద్వారానే, వయ్యారిభామ పుప్పొడితోనే పొలాల్లోకి వచ్చింది. గ్లాడియోలస్ మీద తామర పురుగు పడితే ఆకు మీద వెండి గీతలు కనబడతాయి, మొగ్గ విచ్చుకోకుండా కొనలు మాడతాయి. తెల్ల కాగితం పట్టి మొగ్గను తట్టండి, సన్నటి పురుగులు రాలి పాకుతాయి. 10 లీటర్ల నీళ్ళలో అరకిలో వేపాకు ముద్ద, అర లీటరు మూత్రం, 200 గ్రాముల పేడ వేసి ఒక రోజు నానబెట్టి వడపోసిన నీమాస్త్రాన్ని వారం ఎడంతో రెండు మూడు సార్లు కొట్టాలి. కాడ పొదలో ఉన్నప్పుడే మొదలుపెట్టాలి, మొగ్గ రంగు తిరిగాక కొట్టి లాభం లేదు. చుట్టూ బంతి వేయమని అందరూ చెబుతారు. టమాటాకు సరే కానీ, బంతి పూలలో తామర పురుగు కాపురం ఉంటుంది. గ్లాడియోలస్ పక్కన నేనైతే వేయమని చెప్పను. వయ్యారిభామను పూతకు రాకముందే పెరికేయండి.

దుంపకుళ్ళు సోకితే మొక్క కొడవలిలా వంగి, ఆకులు పసుపు తిరుగుతాయి. దానికి చికిత్స లేదు. పుల్లటి మజ్జిగ, శొంఠి కషాయం పక్క మొక్కలకు కాపుగా పనికొస్తాయేమో గానీ, సోకిన మొక్క కోలుకోదు. దుంపతో సహా తవ్వి కాల్చేయాలి. ఆ చోట మూడు నాలుగేళ్ళు గ్లాడియోలస్ పెట్టొద్దు. కుండీ అయితే మట్టి మార్చేయండి.

కోత

కింది ఒకటి రెండు మొగ్గలు రంగు చూపించగానే, పొద్దున్నే కోయాలి. మొక్కకు కనీసం నాలుగు ఆకులు మిగలాలి. కాడ ఎంత పొడుగుంటే అంత అందం అని అడుగంటా కోస్తే వచ్చే ఏడు దుంపను కోసుకున్నట్టే. కోసిన కాడల్ని పడుకోబెట్టకండి, కొన పైకి వంకర తిరుగుతుంది. వాజులో పోసేది వాన నీళ్ళో ఆర్వో నీళ్ళో అయి ఉండాలి. కోసిన గ్లాడియోలస్‌కు లీటరు నీళ్ళలో పావు మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్నా రేకుల అంచులు మాడతాయి. బోరు నీళ్ళు కాచినా ఫ్లోరైడ్ పోదు.

దుంపను వేసవి దాటించడం

పువ్వు అయ్యాక నెల రోజులు మామూలుగా నీళ్ళు, జీవామృతం ఇస్తూ ఉండండి. తర్వాత తగ్గిస్తూ వచ్చి, ఆకులు సగం పసుపు తిరిగాక ఆపేయాలి. డిసెంబరులో పూసినవి ఫిబ్రవరిలో, సంక్రాంతికి పూసినవి మార్చి మొదట్లో తవ్వడానికి వస్తాయి. ఆకులు పూర్తిగా ఎండి ఊడిపోయేదాకా ఆగొద్దు, పిల్ల దుంపలు మట్టిలోనే చెదిరిపోతాయి. మన నేలలో మార్చి తర్వాత దుంపను వదిలేస్తే, పై మట్టి పెనంలా కాలుతుంది, లేదా వేసవి వాన ఒకటి పడి కుళ్ళుతుంది.

తవ్వాక కడగొద్దు. మట్టి దులిపి, కాండాన్ని అంగుళం ఉంచి కోసి, గాలి ఆడే నీడలో రెండు మూడు వారాలు ఆరబెట్టాలి. మంచం మీదో, చాటలోనో, ఒకదాని మీద ఒకటి పడకుండా. ఎండలో ఒక్క మధ్యాహ్నం కూడా పెట్టకూడదు. ఆరాక అడుగున ఉన్న పాత దుంప సులువుగా ఊడొస్తుంది, అది పారేయండి. పిల్ల దుంపల్ని వేరు చేయండి. మెత్తబడినవి, మచ్చలున్నవి ఏరేయండి. పైపొర మాత్రం ఇప్పుడు ఒలవొద్దు, వేసవి అంతా దానికి అదే చొక్కా.

పిడకల బూడిద, ఎండిన వేపాకు పొడి కలిపి దుంపలకు పట్టించి, ఉల్లిగడ్డల నెట్ సంచిలో వేసి వేలాడదీయాలి. తామర పురుగు దుంప మీదే దాగి వేసవి గడుపుతుంది కాబట్టి ఈ పొడి వదలొద్దు. ఎక్కడ వేలాడదీస్తారన్నది ముఖ్యం. రేకుల షెడ్డు, పై అంతస్తు మిద్దె గది పనికిరావు, 40 డిగ్రీలు దాటిన రోజుల్లో అక్కడ దుంప పిప్పి అవుతుంది. ఇంట్లో అన్నిటికన్నా చల్లని గది, ఉత్తరం గోడ వైపు, నేలకు రెండడుగుల ఎత్తులో ఉండాలి. తడి ఇసుకలో, తడి గోనెలో పెడితే చల్లగా ఉంటుందని కొందరు చేస్తారు. చల్లదనం మంచిదే, తడి మాత్రం కుళ్ళు తెస్తుంది.

ఫ్రిజ్ ఉన్నవాళ్ళకు ఇంకా సులువు. ఆరిన దుంపల్ని కాగితం సంచిలో పెట్టి కూరగాయల అరలో రెండు మూడు నెలలు ఉంచండి. ప్లాస్టిక్ కవరు వద్దు. చల్లదనంలో దుంప నిద్ర తీరుతుంది, అయినా అక్కడ ఉన్నంతకాలం మొలక సాగదు. బయటికి తీశాక ఒకేసారి లేస్తాయి. స్థలం కొంచెమే ఉంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా పెద్ద దుంపలకే అది ఇవ్వండి.

నెలకొకసారి సంచి దించి చేత్తో నొక్కి చూడాలి. గట్టిగా, బరువుగా ఉంటే బాగున్నట్టు. జూలై, ఆగస్టుల్లో కొన్నిటికి తెల్లటి కన్ను పొడుచుకొస్తుంది, అడుగున వేర్ల బుడిపెలు కనబడతాయి. ముందు లేచినవాటిని పక్కన పెట్టుకుని ఆగస్టు చివర్లో కుండీల్లో, సాయంత్రం నీడ పడే చోట పెట్టండి. మిగతావి సెప్టెంబరుకు ఆగుతాయి.

పిల్ల దుంపల పెంకు గట్టిగా ఉంటుంది. ఒక రోజు నీళ్ళలో నానబెట్టి, గ్రో బ్యాగులో అంగుళం లోతున ఒత్తుగా విత్తుకోవచ్చు. మొదటి ఏడు గడ్డిపోచల్లాంటి ఆకులే వస్తాయి, పెరికేయకండి. వాటినీ పెద్ద దుంపల్లాగే మార్చిలో తవ్వి, ఆరబెట్టి దాచాలి. రెండో ఏడో మూడో ఏడో అవి పూతకు వస్తాయి. ఏ రకం పిల్లలో సంచి మీద చీటీ రాసి కట్టండి, లేకపోతే మూడేళ్ళ తర్వాత పూసేదాకా రంగేమిటో ఎవరికీ గుర్తుండదు.